వేంపర్తి సెక్షన్‌లో గుంతల కొరత

వేంపర్తి సెక్షన్‌లో పదకొండు కిలోమీటర్ల తారురోడ్డు ఉంది. దాని మీద ఒక్క గుంత లేదు. ఈ సంగతి కేంద్ర కార్యాలయం దాకా పోయింది. సెక్షన్ వర్క్ ఇన్‌స్పెక్టర్ మాలకొండయ్యకు నోటీసు వచ్చింది.

నోటీసు రెండు పేజీలు. మాలకొండయ్య కిలోమీటరు రాయి మీద కూర్చుని మూడుసార్లు చదివాడు. "గడచిన త్రైమాసికంలో మీ పరిధిలో సరిదిద్దబడిన లోపముల సంఖ్య సున్నాగా నమోదైనది. ఇది ప్రగతి పట్ల మీ ఉదాసీనతకు నిదర్శనముగా భావించబడుచున్నది" అని అందులో ఉంది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని ఉంది.

గ్యాంగు కూలీ పెంచలమ్మ పార పక్కన పెట్టి వచ్చింది.

"ఏంది సార్, అంతసేపు చదవతా ఉండారు? ప్రమోషనా?"

"రోడ్డు బాగు చెయ్యలేదని సంజాయిషీ అడిగినారు."

"బాగున్నదాన్ని ఏం బాగు చేస్తాం?"

"అదే రాయాల, సంజాయిషీలో."

మాలకొండయ్య ఆ రోడ్డు మీద పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆయనకు తెలిసిన విద్య ఒకటే. రోడ్డును పాడుచేసేది లారీ కాదు, నీళ్లు. అందుకని వానలకు ముందే పక్క కాలవలు తీయించేవాడు. మార్జిన్‌లో గడ్డి చెక్కించేవాడు. తారు మీద వెంట్రుకంత చీలిక కనబడితే ఆ సాయంత్రానికే వేడి తారు పోయించి ఇసక చల్లించేవాడు. చీలిక గుంతగా ఎదిగే అవకాశం ఆ రోడ్డు మీద ఎన్నడూ రాలేదు.

పాత రోజుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. కిందటేడాది రోడ్లనూ బస్సులనూ కలిపి జాతీయ రహదారి రవాణా ప్రగతి సంస్థ కిందికి తెచ్చారు. అప్పటినుంచి పట్టించుకోవడం మొదలైంది.

అంతకు ముందు జనం ఉన్న చోటికి బస్సు వేసేవారు. ఈ పద్ధతికి శాస్త్రీయమైన ఆధారం లేదని సంస్థ తేల్చింది. ఇకమీదట ఏ రోడ్డు ప్రగతి చూపితే ఆ రోడ్డుకే బస్సు. ప్రగతి అంటే నెలకు ఎన్ని లోపాలు సరిదిద్దారన్నది. ఒక్కో లోపానికి రెండు ఫోటోలు ప్రగతి యాప్‌లో పెట్టాలి. మరమ్మతుకు ముందొకటి, తర్వాతొకటి. ముందు ఫోటోలో గుంత మూరెడు వెడల్పు, రెండంగుళాల లోతు ఉండాలి. దాని వెనక హెల్మెట్లు పెట్టుకున్న నలుగురు కూలీలు నిలబడాలి. రెండు ఫోటోలూ ఒకే చోట తీసినవని ఉపగ్రహం ఒప్పుకోవాలి.

కాలవ తీసినందుకు ఏ ఫోటో పెట్టాలో యాప్‌లో లేదు. రాకుండా పోయిన గుంతను ఫోటో తీసే కెమెరా ఇంకా మార్కెట్లోకి రాలేదు.

అసలు సంగతి నోటీసు చివరి పేరాలో ఉంది. నెలకు ముప్పై లోపాలు సరిదిద్దని పక్షంలో రోడ్డుకు ఈ చివరనున్న బొగ్గులపాడు నుంచి వేంపర్తి పోయే ఒకే ఒక్క బస్సును వచ్చే నెల ఒకటో తేదీన ఉపసంహరిస్తారు. పొద్దున ఏడూ పదికి బయలుదేరే ఆ బస్సులో రోజూ అరవై మంది ఎక్కుతారు. వాళ్లలో పెంచలమ్మ కూతురు రేవతి ఉంది. వేంపర్తిలో నర్సింగ్ మూడో సంవత్సరం. పరీక్షలకు ఇంకా ఏడు నెలలుంది. హాజరు తగ్గితే కూర్చోనివ్వరు.

"అయితే నా కూతురు పదకొండు కిలోమీటర్లు నడిచి పోవాల్నా?" అంది పెంచలమ్మ. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "రోడ్డు మాత్రం బెమ్మాండంగా ఉండాది సార్, నడవటానికి."

మాలకొండయ్య మర్నాడే వేంపర్తి ఆఫీసుకు పోయాడు. అక్కడ ప్రాంతీయ ప్రగతి సమన్వయకర్త ధర్మతేజ ఉంటాడు. ఆయన గది గోడల మీద బాణం గుర్తులున్న పటాలు ఉన్నాయి. అన్ని బాణాలూ పైకే చూస్తున్నాయి.

"మాలకొండయ్య గారూ, మీరు లోపరహిత స్థితిని ప్రగతిగా భ్రమిస్తున్నారు" అన్నాడు ధర్మతేజ. "స్థితి వేరు, ప్రగతి వేరు. ప్రగతి అనేది అధోస్థితి నుంచి ఉన్నతస్థితికి జరిగే చలనం. మీకు అధోస్థితే లేనప్పుడు ఎక్కడి నుంచి పైకి వస్తారు?"

"మొదట్నుంచీ పైనే ఉండాం సార్."

"దాన్ని స్తబ్ధత అంటారు."

"కాలవలు తీయించినా సార్. చీలికలకు తారు పూయించినా."

"అవి నివారణ చర్యలు. నివారణకు మన ఫారంలో గడి లేదు. పక్క సెక్షన్ ఖాదర్ బాషా గారిని చూడండి. కిందటి నెల నాలుగు వందల పన్నెండు లోపాలు సరిదిద్దారు. వాటిలో మూడు వందలు అంతకు ముందు నెల సరిదిద్దినవే. నిరంతర ప్రగతి అంటే అదీ."

ఖాదర్ బాషా ఆఫీసు ఎదురుగా టీ బంకు దగ్గరే ఉన్నాడు. ఆయనా వర్క్ ఇన్‌స్పెక్టరే. మాలకొండయ్యను చూసి ఇంకో టీ చెప్పాడు.

"ఏందన్నా, ముఖం అట్టా ఉండాది? నాకు నాలుగు బస్సులిచ్చినారు, విన్నావా?"

"తిరగతా ఉండాయా?"

"యాడ తిరగతాయన్నా. గుంతల్లో పడి చక్రాల మీది కమాన్‌కట్టలు ఇరిగి నాలుగూ షెడ్డులో ఉండాయి."

"ఖాదరూ, నాకో ముప్పై గుంతలు కావాల."

"ముప్పై ఏంది, మూడొందలు తీసకపో. ఎట్ట మోసకపోతావో అది నువ్వు చూసుకో."

మరుసటి రోజు పొద్దున మాలకొండయ్య గడ్డపార భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. వెనక పెంచలమ్మ, గ్యాంగులో మిగతా ముగ్గురు నడిచారు. మూడో కిలోమీటరు దగ్గర ఆగి కిందికి చూసి ముందుకు పోయాడు. నాలుగో కిలోమీటరు కల్వర్టు దగ్గర ఆగాడు, అక్కడా కుదరలేదు. ఆరో కిలోమీటరు దగ్గర గడ్డపార ఎత్తాడు. ఎత్తినదాన్ని నెమ్మదిగా దించి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"కోడిని కొయ్యమంటే ముద్దు పెట్టుకున్నట్టుండాది మీ వాలకం" అంది పెంచలమ్మ.

"నా వల్ల కాదు పెంచలమ్మా."

"తవ్వబాకండి. తిరణాల్లో ఫోటోలు తీసేవాడు తాజ్‌మహల్ తెర మోసుకొస్తాడు గదా. నేనూ మా ఆయనా దాని ముందర నిలబడి తీయించుకున్నాం. ఇప్పటికీ గోడకి ఉండాది. మేం ఆగ్రా పోయినామా?"

మాలకొండయ్య గడ్డపార కింద పెట్టాడు.

"గుంతని మోసకరమ్మంటావా?"

"నేనేం అన్లా. తాజ్‌మహల్ సంగతి చెప్పినా."

ఆ సాయంత్రం వెల్డింగ్ షాపులో ఒక ఇనప పళ్లెం తయారైంది. గజం పొడుగు, గజం వెడల్పు, నాలుగు వైపులా పట్టుకోను పిడులు. పళ్లెంలో తారూ కంకరా పరిచి దిమ్మిసతో కొట్టారు. నడిమధ్య మూరెడు వెడల్పున, రెండంగుళాల లోతున గుంత వదిలారు. అంచులు రోడ్డులో కలిసేటట్టు పల్చగా దించారు. పై నుంచి ఫోటో తీస్తే ఎత్తు తెలియదు. పెంచలమ్మ చెంబుతో బురదనీళ్లు తెచ్చి గుంతలో పోసింది. "నీళ్లు లేకపోతే గుంతని ఎవురు నమ్ముతారు?" అంది.

పళ్లేన్ని తోపుడుబండి మీద పెట్టుకుని బయలుదేరారు. ఒకచోట దించడం, నలుగురు హెల్మెట్లు పెట్టుకుని నిలబడటం, ముందు ఫోటో తీయడం. తర్వాత ఫోటోకు చేయాల్సిన మరమ్మతు ఏమీ లేదు. పళ్లెం తీసేస్తే చాలు. మొదటి రోజు ఎనిమిది లోపాలు సరిదిద్దారు. నెలాఖరుకు ముప్పై దాటాయి. బస్సు నిలబడింది.

రెండో నెలలో కేంద్ర కార్యాలయం నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి అభినందన. దానికి వాళ్లు రెండు కారణాలు చూపారు. మొదటిది, వేంపర్తిలో పూడ్చిన చోట పూడ్చిన ఆనవాలు లేదు. దేశంలో మరెక్కడా ఇలాంటి పనితనం కనబడలేదు. రెండోది, "ఇతర ప్రాంతాలలో గుంతలు ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారంలో ఉండి పరిపాలనకు అసౌకర్యం కలిగించుచుండగా, వేంపర్తి సెక్షన్‌లో గుంతలన్నియు ఏకరూపముగా ఉండుట హర్షణీయము." ఆ వారమే సర్క్యులర్ వెలువడింది. వేంపర్తి గుంతను జాతీయ ప్రమాణంగా స్వీకరించారు. ఇకనుంచి యాప్ ఆ ఆకారాన్ని తప్ప వేరే గుంతను గుంతగా గుర్తించదు.

ఖాదర్ బాషా మోటారుసైకిల్ మీద వచ్చాడు.

"నా గుంతలు గుంతలు కావంటన్నా! నాలుగొందలూ తిప్పి కొట్టింది యాప్. నీ పళ్లెం ఒక్క రోజు ఇయ్యి."

మాలకొండయ్య ఇచ్చాడు. మర్నాడు మధ్యాహ్నానికే పళ్లెం తిరిగొచ్చింది.

"ఏమైంది?"

"నీ గుంత పెట్టాలంటే కింద మంచి రోడ్డు ఉండాలన్నా. తీసి చూస్తే అడుగున మా గుంత కనపడతా ఉండాది. గజం మంచి జాగా కోసరం పొద్దున్నుంచి తిరిగినా. దొరకలా."

అప్పుడు మాలకొండయ్యకు భయం పట్టుకుంది. ముప్పై ఫోటోల అబద్ధం ఆయన మోయగలడు. జాతీయ ప్రమాణం మోయడం ఆయన వల్ల కాలేదు. రెండు రోజులు ఆలోచించి తెల్లకాగితం మీద రాశాడు: "ఈ రోడ్డు మీద గుంతలు లేవు. ఫోటోల్లో ఉన్నది ఇనప పళ్లెం. తప్పు నాది. బస్సును మాత్రం తీయవద్దని ప్రార్థన." తీసుకుపోయి ధర్మతేజ చేతికిచ్చాడు.

ధర్మతేజ చదివాడు. లేచి తలుపు వేసి వచ్చి మళ్లీ చదివాడు.

"మాలకొండయ్య గారూ, మీరు రాసింది నిజమైతే జాతీయ ప్రమాణం ఒక పళ్లెం అవుతుంది. జాతీయ ప్రమాణం పళ్లెం కాజాలదు. కాబట్టి మీరు రాసింది నిజం కాదు."

"పళ్లెం బయట బండి మీద ఉండాది సార్. చూపిస్తా రాండి."

"ఇక గుంతలు లేవని మీరు గమనించారు. మరమ్మతు విజయవంతమైనప్పుడు గుంతలు ఉండవు. మీ వినయాన్ని నేను అర్థం చేసుకోగలను." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "పదో తేదీన సంస్థ అధ్యక్షులు మీ విధానాన్ని ప్రత్యక్షంగా పరిశీలించడానికి వస్తున్నారు. ఆ రోజు ఈ వినయం వద్దు."

పదో తేదీన ఐదో కిలోమీటరు దగ్గర షామియానా వేశారు. పద్నాలుగు కార్లు వచ్చాయి. అధ్యక్షులు దిగి, రోడ్డుకు అటూ ఇటూ చూసి, గుంత ఎక్కడని అడిగారు. పళ్లెం ఇంకా తోపుడుబండి మీదే ఉంది.

మాలకొండయ్య ధర్మతేజ వైపు చూశాడు. ధర్మతేజ ఆకాశం వైపు చూశాడు. ఇక దాచడానికి ఏమీ లేదనుకుని మాలకొండయ్య చెయ్యి ఊపాడు. గ్యాంగు నలుగురూ పళ్లేన్ని అందరి ముందూ బండి మీంచి దించి రోడ్డు మీద పెట్టారు. పెంచలమ్మ నీళ్లు పోసింది. అధ్యక్షులు వంగి చూశారు.

"పరిస్థితి తీవ్రంగానే ఉంది" అన్నారు.

కొబ్బరికాయ కొట్టారు. నలుగురూ పిడులు పట్టుకుని పళ్లెం ఎత్తి బండి మీద పెట్టారు. పదకొండు సెకన్లు పట్టింది. అధ్యక్షులు చేతిగడియారం చూసుకుని, ఆ చేతుల్తోనే చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

"తొలగించిన గుంతను ఏం చేస్తారు?" అని అడిగారు అధ్యక్షులు.

మాలకొండయ్య నిజమే చెప్పాడు. "షెడ్డులో పెట్టుకుంటాం సార్. రేపు మళ్లీ వాడతాం."

అధ్యక్షులు కార్యదర్శుల వైపు తిరిగారు. "విన్నారా? పునర్వినియోగం. మనం ఇన్నాళ్లూ గుంతలను పూడ్చి వృథా చేస్తున్నాం."

కార్యదర్శులు రాసుకున్నారు.

పక్షం తిరగకుండా మూడు ఉత్తర్వులు వచ్చాయి. వేంపర్తి సెక్షన్ సామర్థ్యాన్ని గుర్తించి రోజుకు పాతిక లోపాల లక్ష్యం ఇచ్చారు. లోపాల కొరత ఉన్న సెక్షన్లు వాటిని తవ్వి స్వయంగా సమకూర్చుకోవచ్చని, అటువంటి చొరవను సంస్థ ప్రోత్సహిస్తుందని చెప్పారు. ప్రమాణానికి సరిపోని లోపాన్ని సరిదిద్దితే అది అనధికార మరమ్మతు అవుతుందని, ఆ రోడ్డు ప్రగతి సున్నా నుంచి మళ్లీ మొదలవుతుందని, బస్సు ఆ రోజే పోతుందని చెప్పారు.

రోజుకు పాతిక అంటే తోపుడుబండి చాలదు. పదకొండు కిలోమీటర్లూ రోజూ తిరిగేది ఒక్కటే ఉంది. ఆ బస్సు డ్రైవర్ ఏడుకొండలు మొదట ఒప్పుకోలేదు.

"బస్సు టాపు మీద బియ్యం ఎక్కించినా, మేకల్ని ఎక్కించినా. గుంతని ఎక్కించమంటారేంది సార్?"

"ఇది ఎక్కకపోతే బస్సే ఉండదు ఏడుకొండలూ."

"ఉండదంటే ఎక్కించండి."

ఏడూ పది బస్సు ఆరింటికే బయలుదేరడం మొదలైంది. అర కిలోమీటరుకోసారి ఆగుతుంది. గ్యాంగు దిగి పళ్లెం దించుతుంది. ఫోటోలు రేవతి తీస్తుంది, ఆమె చెయ్యి వణకదని. మళ్లీ పళ్లెం టాపు ఎక్కుతుంది. కొన్నాళ్లకు ప్రయాణికులే దిగి సాయం పట్టసాగారు. కొత్తగా ఎక్కినవాళ్లు ఎవరైనా ఇదేమిటని అడిగితే, "గుంత. మనతోనే వస్తాది, కూసో" అని చెప్పేవారు. పొద్దున కుదరనివి తిరుగు ట్రిప్పులో చేసేవారు. రేవతి హాజరు తగ్గలేదు.

తగ్గింది వేరే పని. గ్యాంగు రోజంతా బస్సులో ఉంటోంది. ఆ ఏడు కాలవలు తీసేవాళ్లు లేరు. అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. నీళ్లు కాలవలోకి పోక రోడ్డు మీద నిలబడ్డాయి. ఏడో కిలోమీటరు దగ్గర చీలిక వచ్చింది. తారు పూయడానికి మనుషులు లేరు. మూడో వానకు కంకర లేచిపోయింది.

మాలకొండయ్య వెళ్లి దాని ముందు గొంతుకూర్చున్నాడు. జానెడు లోతుంది. పంతొమ్మిదేళ్లలో ఆ రోడ్డు మీద వచ్చిన మొదటి గుంత. చెయ్యి పెట్టి చూశాడు. ఫోన్ తీసి ఫోటో తీశాడు. యాప్ కాసేపు ఆలోచించి జవాబిచ్చింది: "ఇది గుంత కాదు. దయచేసి గుంతను ఫోటో తీయండి."

"కాదంట సార్" అంది పెంచలమ్మ, దాన్ని ఆయన చేత చదివించుకుని విని. "మరి దీన్నేమంటారంట?"



శనివారానికి అది రోడ్డులో సగం తినేసింది. ఏడుకొండలు బస్సు ఆపి కిందికి దిగాడు. "రెండు దినాలుగా కమాన్‌కట్ట పటపటమంటా ఉండాది సార్. సోమవారం ఈ గుంత ఇట్టనే ఉంటే బండి తిప్పను. ఇరిగితే తెచ్చేదానికి ఇంకో బండి లేదు."

పూడ్చకపోతే ఏడుకొండలు బస్సు ఆపేస్తాడు. పూడిస్తే సంస్థ ఆపేస్తుంది. రేవతి పరీక్షలకు ఇంకా మూడు వారాలుంది.

ఆదివారం బస్సుకు సెలవు. మధ్యాహ్నం మాలకొండయ్య లుంగీ కట్టుకుని, సంస్థ పేరున్న చొక్కా ఇంట్లో వదిలి, ఏడో కిలోమీటరుకు వచ్చాడు. పెంచలమ్మ అప్పటికే మార్జిన్‌లో పొయ్యి పెట్టి డబ్బాలో తారు కాస్తోంది. కంకర గోనెసంచుల్లో తెచ్చి పైన గడ్డి కప్పింది. ముందు గుంత అంచులు నలుచదరంగా కొట్టాలి. లేకపోతే కొత్త తారు పాతదాన్ని పట్టుకోదు. మాలకొండయ్య గడ్డపార అందుకున్నాడు.

"ఎవురన్నా వస్తే ఏం చెప్తారు సార్?"

"ఆదివారం ఎవురొస్తారు?"

ధర్మతేజ వచ్చాడు. అత్తగారి ఊరి నుంచి జీపులో తిరిగొస్తూ రోడ్డు మీద ఇద్దర్ని చూసి ఆపించాడు. అద్దం దించాడు. మాలకొండయ్య గడ్డపార చేతిలో ఉండగానే నిలబడిపోయాడు. పెంచలమ్మ చీర కుచ్చిళ్లు విడిచి తారు డబ్బాకు అడ్డంగా నిలబడింది.

"మాలకొండయ్య గారూ, ఆదివారం పూట ఏమిటిది?"

మాలకొండయ్య నోరు తెరిచాడు.

"గుంత తవ్వతా ఉండాం సార్" అంది పెంచలమ్మ.

ధర్మతేజ జీపు దిగాడు. గుంత చుట్టూ ఒకసారి నడిచాడు. లోపలికి తొంగి చూశాడు.

"కొలతలు ప్రమాణానికి ఇంకా దూరంగా ఉన్నాయి" అన్నాడు. "అయినా సెలవు రోజున, ఎవరూ అడగకుండా, సొంత చొరవతో! చాలా సంతోషం. ఆపకండి, కానివ్వండి."

జీపు కదిలింది. అది మలుపు తిరిగేదాకా మాలకొండయ్య గడ్డపార వేస్తూనే ఉన్నాడు. తర్వాత పెంచలమ్మ డబ్బా అందిస్తే తారు పోశాడు.